టీవీ ప్రకటనల్లో వచ్చే పాటలకి పేర్లు ఎందుకు వెయ్యరు?

నీలిబంతి
చిన్నప్పుడు ఒక టీవీ కంపెనీ ప్రకటన వచ్చేది. ఏటవాలు వీధిలో లెక్కలేనన్ని రంగు బంతులు ఎగురుకుంటూ కిందికి దొర్లుతాయి. మధ్యలో వాననీటి గొట్టంలోంచి ఒక కప్ప బయటికి గెంతుతుంది. మాటలేవీ ఉండవు. గిటారు, ఒక మెత్తటి గొంతు, అంతే. నాన్న వార్తలు చూస్తుంటే నేను పక్కన కూర్చుని ఈ ప్రకటన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. నిన్న రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ రాగం దానంతటదే నోటికొచ్చింది. పాట పేరు తెలీదు, పాడినవాళ్ళెవరో తెలీదు.

ఆ పాట ఏదో ఎవరికైనా తెలుసా? ఇంకో మాట కూడా అడగాలి. సినిమాలో పాటకి పేర్లు వేస్తారు. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ ప్రకటనల్లో తెర అడుగున చీమలంత అక్షరాలతో షరతులన్నీ వేస్తారు గానీ, పాడిన మనిషి పేరు ఒక్క లైను వెయ్యరు. ఎందుకని?

పాతక్యాసెట్
సోనీ బ్రావియా, 2005. పాట "హార్ట్‌బీట్స్", పాడింది హోసే గొంజాలెజ్ అనే స్వీడన్ గాయకుడు. ఆ పాట మొదట ఆయనది కాదు. "ద నైఫ్" అనే స్వీడన్ బృందానిది, వాళ్ళిద్దరూ తోబుట్టువులు. వాళ్ళు చేసింది పూర్తి ఎలక్ట్రానిక్ మోత. ఈయన ఒక్క గిటారుతో పాడేసరికి వేరే పాటైపోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి.

చిత్రకారుడు_7
ఆ ప్రకటన నాకూ గుర్తుంది. బంతులన్నీ కంప్యూటర్ గ్రాఫిక్సే కదా?

పాతక్యాసెట్
కాదు తమ్ముడూ, నిజం బంతులే. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో రెండున్నర లక్షల బంతులు వదిలారు. ఆ తర్వాతి ఏడాది గ్లాస్గోలో కూల్చెయ్యబోయే అపార్ట్‌మెంట్ల మీద 70,000 లీటర్ల రంగు పేల్చారు. దానికి ఇటలీ స్వరకర్త రొస్సీని సంగీతం పెట్టారు. "దొంగ మాగ్‌పై పిట్ట" అనే ఆపెరాకి, అంటే పాటలతో నడిచే నాటకానికి, ఆయన రాసిన ఆరంభ సంగీతం అది. 2007లో న్యూయార్క్ వీధుల్లో బంకమట్టి కుందేళ్ళు, వెనకాల రోలింగ్ స్టోన్స్ బృందం పాట "షీజ్ ఎ రెయిన్‌బో".

నీలిబంతి
అయ్యో, ఇదే! ఇప్పుడే పెట్టుకున్నాను, మొదటి రెండు తీగలకే గుర్తుపట్టాను. పాతక్యాసెట్ గారూ, చాలా థాంక్స్. పాటలో ఇంకో చరణం ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

సూటిమాట
నాకు ఈ పద్ధతే నచ్చదు. మంచి పాటని పట్టుకొచ్చి టీవీ అమ్మడానికి వాడితే, ఇక జీవితాంతం ఆ పాట వింటే టీవీ డబ్బానే గుర్తొస్తుంది. పాటలో ఆయన దేని గురించి పాడాడో ఎవరికి గుర్తుంటుంది? బంతులు గుర్తుంటాయి.

వానకోయిల
సూటిమాట గారూ, ఆ బంతులు లేకపోతే ఈ అమ్మాయికి ఆ పాట తెలిసేదే కాదు. ఆ ప్రకటన తర్వాతే అది బ్రిటన్‌లో మొదటి పది పాటల్లోకి వెళ్ళింది. ఆల్బం 2003లోనే వచ్చేసింది. మూలన పడి ఉన్న పాటని జనం ముందుకు తెచ్చింది ఆ ప్రకటనే.

సూటిమాట
ఒక్క పాట పైకొచ్చిందని పద్ధతి మంచిదైపోదండీ. బాగా తెలిసిన పాటల సంగతో? ఒకరి పెళ్ళిలో మోగిన పాట, ఇంకొకరు పోయినవాళ్ళని తలుచుకుంటూ వినే పాట, రేపటి నుంచి ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంటే మోగుతుంది.

ఎడిటింగ్_గది
నేను ప్రకటనల ఎడిటింగ్‌లో చాలా ఏళ్ళు పని చేశాను. పేర్లు ఎందుకు వెయ్యరో చెప్తాను, కాస్త పొడవవుతుంది.

ముప్ఫై సెకన్లంటే సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 750 ఫ్రేములు. చివరి రెండు మూడు సెకన్లు వస్తువుకి, లోగోకి పోతాయి. దానిమీద చెయ్యి వెయ్యనివ్వరు. మిగిలిన దాంట్లో కథ చెప్పాలి, వస్తువు ఏం చేస్తుందో చూపించాలి. తెర మీద ఇంకో అక్షరం వేస్తే చూసేవాళ్ళ కళ్ళు వస్తువు మీంచి జరుగుతాయని క్లయింట్ భయం. సన్న అక్షరాల షరతులు కూడా ఇష్టపడి వేసేవి కావు, నిబంధనల కోసం వేస్తారు. పాడినవాళ్ళ పేరు వెయ్యమని ఒప్పందంలో సాధారణంగా ఉండదు, కాబట్టి వెయ్యరు. దీని వెనక ఇంతకు మించి రహస్యం లేదు.

ఇక హక్కుల సంగతి. ఒక పాటకి రెండు తాళాలుంటాయి. ఒకటి రాసి బాణీ కట్టినవాళ్ళది, రెండోది ఆ రికార్డింగుది, దాన్నే మాస్టర్ అంటాం. బొమ్మకి జత చెయ్యాలంటే రెండు తాళాలూ తెరవాలి. ఎన్ని నెలలు, ఏ దేశాలు, టీవీకా నెట్‌కా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. మాస్టర్ దొరక్కపోయినా, భరించలేనంత ఖరీదైనా, బాణీకి మాత్రం అనుమతి తీసుకుని వేరేవాళ్ళతో పాడిస్తారు. 1990ల చివర్లో ఫిలిప్స్ "లెట్స్ మేక్ థింగ్స్ బెటర్" అనే ప్రచారానికి బీటిల్స్ పాట "గెటింగ్ బెటర్" వాడింది. పాడింది బీటిల్స్ కాదు, గోమెజ్ అనే బ్రిటిష్ బృందం. ప్రకటనల్లో తెలిసిన పాట తెలియని గొంతుతో వినిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

గడువు అయిపోతే ప్రకటన తీసెయ్యాలి, లేదా పాట మార్చాలి. మీరు వెతికే పాత ప్రకటన నెట్‌లో కనపడకపోవడానికి, కనపడినా వేరే సంగీతం వినపడటానికి కారణం ఇది కూడా కావచ్చు.

వానకోయిల
రెండు తాళాల మాట బాగా చెప్పారు. ఇన్నాళ్ళూ కవర్ పాటలంటే ఫ్యాషన్ అనుకున్నాను.

చిత్రకారుడు_7
అయితే అనుమతి ఇవ్వని గాయకురాలి గొంతుని అనుకరించి పాడించేస్తే? బాణీకి ఎలాగూ అనుమతి ఉంటుంది కదా.

న్యాయదృష్టి
అచ్చం అదే చేశారు, కేసయింది. ఫోర్డ్ కారు ప్రకటనకి అమెరికా గాయని బెట్ మిడ్లర్‌ని అడిగితే ఒప్పుకోలేదు. ఆమె వెనక కోరస్ పాడిన గాయనినే పిలిచి, అచ్చు ఆమెలాగే పాడమన్నారు. పాటకి హక్కులు తీసుకున్నారు, గొంతుకి మాత్రం తీసుకోలేదు. పేరున్న గాయని గొంతుని అమ్మకం కోసం కావాలని అనుకరించడం తప్పేనని 1988లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. గొంతు కూడా ముఖంలాగే మనిషి ఆనవాలు అని వాళ్ళ ఆలోచన.

సూటిమాట
ఈ తీర్పు బాగుంది. దీనికి మాత్రం నేను చప్పట్లు కొడతాను.

బట్టలబుట్ట
నాదో సందేహం. మా శామ్‌సంగ్ వాషింగ్ మెషీన్ ఉతకడం అయిపోగానే ఒక పొడవాటి రాగం వాయిస్తుంది. మా మూడేళ్ళ పాప దాని ముందు నిలబడి, మొదటి స్వరం రాగానే రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరుగుతుంది. రాగం ఆగిపోతే మెషీన్ తలుపు తట్టి "మళ్ళీ" అంటుంది. ఇంకో విడత ఉతికితే గానీ ఆ పాట మళ్ళీ రాదని దానికెలా చెప్పను? ఇది కంపెనీవాళ్ళు కట్టించిందా, ఏదైనా పాత పాటా?

వానకోయిల
అక్కా, అది షూబర్ట్ అనే ఆస్ట్రియా స్వరకర్తది! "డీ ఫోరెల్లె", అంటే ట్రౌట్ చేప. 1817లో, ఇరవై ఏళ్ళ వయసులో కట్టాడు. పాటలో కథ ఏంటంటే, తేటనీటి వాగులో చేప ఆడుకుంటుంటుంది. నీళ్ళు తేటగా ఉన్నంతసేపూ జాలరి గాలానికి చిక్కదు. చివరికి వాడు నీళ్ళు కెలికి మురికి చేసి పట్టుకుంటాడు.

బట్టలబుట్ట
నీళ్ళు మురికి చేసే పాట వాషింగ్ మెషీన్‌కి పెట్టారా! ఇవాళ మా ఇంట్లో అందరికీ ఈ కథ చెప్పాలి.

పాతక్యాసెట్
షూబర్ట్ 31 ఏళ్ళకే పోయాడు. ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో రోజూ మోగుతున్నాడో చూడండి.

సూటిమాట
ఇది ప్రకటన కిందికి రాదు కదండీ, మెషీన్ కూత.

వానకోయిల
ఎందుకు రాదు? ప్రకటన ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. ఇది కొన్నాక పదేళ్ళపాటు ఇంట్లో మోగుతుంది. ఇంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది?

ఎడిటింగ్_గది
పాత శాస్త్రీయ సంగీతం వైపు కంపెనీలు ఎందుకు వెళ్తాయో కూడా ఇందులోనే ఉంది. రాసిన మనిషి పోయాక ఇన్నేళ్ళకి రచన అందరిదీ అవుతుంది. చాలా దేశాల్లో 70 ఏళ్ళు, ఇండియాలో 60. అంటే నేను చెప్పిన రెండు తాళాల్లో ఒకటి తెరిచే ఉన్నట్టు. జాగ్రత్త పడాల్సింది రెండో దాని దగ్గర. మొన్న ఒక ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగు వాళ్ళ సొత్తే. "షూబర్ట్ పోయి రెండు వందల ఏళ్ళు కావొస్తోంది, ఎవరి రికార్డింగైనా తీసుకుంటాను" అంటే ఇరుక్కుంటారు.

చెవులపిల్లి
ఈ చర్చలో అసలు బాధ ఎవరూ చెప్పలేదు. సౌండు! సినిమాలో ఇద్దరు గుసగుసలాడుతుంటే వినపడక వాల్యూమ్ పెంచుతాను. వెంటనే ఏదో స్పీకర్ ప్రకటన దభేల్‌మని పడుతుంది. నిద్రపోతున్న పిల్ల లేస్తుంది. ఎన్ని రాత్రులు ఇలా గడిచాయో.

ఎడిటింగ్_గది
చెవులపిల్లి గారూ, అది మీ భ్రమ కాదు. పాతరోజుల్లో కొలత శబ్దం తాకే అత్యధిక స్థాయికే ఉండేది. ప్రకటన చేసేవాళ్ళు ఆ గీత దాటకుండానే మెల్లని శబ్దాలన్నీ పైకి లాగేసేవాళ్ళు. దీన్ని కంప్రెషన్ అంటాం. సినిమాలో గుసగుస ఉంటుంది, అరుపూ ఉంటుంది. ప్రకటనలో ముప్ఫై సెకన్లూ అరుపే. తర్వాత చెవికి సగటున ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే పద్ధతి వచ్చింది. యూరప్ ప్రసార సంస్థలు 2010లో ఆ ప్రమాణం పెట్టుకున్నాయి. అమెరికాలో అదే ఏడాది చట్టం చేసి, 2012 డిసెంబరు నుంచి అమలు చేశారు. మీ టీవీ సెట్టింగ్స్‌లో "ఆటో వాల్యూమ్" లాంటిది ఏమైనా ఉందేమో చూడండి, కొంత నయం.

చెవులపిల్లి
ఉంది! ఆన్ చేశాను. రాత్రికి చూసి చెప్తాను.

మువ్వలగొంతు
పేర్ల సంగతి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. నా పందొమ్మిదో ఏట ఒక ఫ్యాన్ల కంపెనీ ప్రకటనకి నేను పాడాను. ముప్ఫై సెకన్ల పాట, నాలుగు లైన్లు. చివర కంపెనీ పేరు మూడు స్వరాల మీద పాడాలి. ఆ ఒక్క మాటకే ఇరవైసార్లకి పైగా పాడించారు. సంగీత దర్శకుడు అద్దం అవతల నుంచి "అమ్మా, స్వరం సరిగ్గానే ఉంది, నవ్వుతూ పాడు" అనేవారు. మైక్ ముందు ఎవరు చూస్తారని నవ్వాలి అనుకున్నాను. పెదాలు సాగదీసి పాడి, తర్వాత విని చూస్తే నిజంగానే గొంతులో నవ్వు వినపడింది. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ పిల్లలకి పాట నేర్పేటప్పుడు చెప్తాను.

అప్పుడు ఒక్కసారి డబ్బులిచ్చారు. ప్రకటన ఏళ్ళ తరబడి నడిచింది, మళ్ళీ పైసా రాలేదు. కాగితంలో అలాగే ఉంది, నేను చదవకుండా సంతకం పెట్టాను. డబ్బు గురించి బాధ ఎప్పుడో పోయింది. బస్సులో నా పక్క సీటు పిల్లాడు ఆ పాట పాడుకుంటుంటే "అది నేనే పాడాను" అని చెప్తే, వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పేసుకుంది. చూపించడానికి నా దగ్గర ఏముంది? నా పేరు ఎక్కడా లేదు.

నీలిబంతి
మువ్వలగొంతు గారూ, చదువుతుంటే కడుపులో దేవినట్టైంది. మీరు పాడింది మీ దగ్గరైనా ఉందా?

మువ్వలగొంతు
స్టూడియోవాళ్ళు ఇచ్చిన క్యాసెట్ ఒకటి ఉందమ్మా. వినడానికి టేప్ రికార్డర్ లేదు.

పాతక్యాసెట్
నా దగ్గర ఉంది. మీకు వేరుగా సందేశం పెడుతున్నాను చూడండి. దయచేసి అది ఎవరి డెక్‌లోనూ పెట్టి ప్రయత్నించకండి. పాత టేపు అతుక్కుపోయి ఉంటే తెగుతుంది. ముందు చేత్తో మెల్లగా తిప్పి వదులు చెయ్యాలి.

సూటిమాట
మువ్వలగొంతు గారి మాట విన్నాక నా పట్టు కొంచెం మార్చుకుంటున్నాను. ఉన్న పాట తెచ్చి అతికించడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ వస్తువు కోసమే కట్టిన పాట మాత్రం వేరు. దానికి ముందు జీవితం లేదు, ఎవరి జ్ఞాపకాన్నీ లాక్కోదు. అందులో పనితనం నిజంగా కష్టం. ముప్ఫై సెకన్లలో పల్లవి, మలుపు, పేరు, అన్నీ రావాలి.

చెట్టుకింద
అలాంటి పాటకి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ జపాన్‌లో హిటాచీది. 1973లో మొదలైంది. పాటలో టీవీ లేదు, ఫ్రిజ్ లేదు. పాటంతా ఒక చెట్టుని చూసి "ఈ చెట్టు పేరేంటి" అని అడగడమే. తెర మీద ఒక పెద్ద గొడుగులాంటి చెట్టు. అది హవాయిలో ఓహూ దీవిలోని ఒక తోటలో ఉంది. దాన్ని చూడ్డానికే జపాన్ నుంచి జనం వెళ్తారు. మనం నిద్రగన్నేరు అంటామే, అదే జాతి. సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది.

వానకోయిల
పేరు అడిగే పాట! ఈ చర్చకి సరిగ్గా సరిపోయింది.

చిత్రకారుడు_7
మాటలకి సరిపోయిందని పాత పాట తెచ్చినవీ కొన్ని బాగా కుదిరాయి కదా? విండోస్ 95కి రోలింగ్ స్టోన్స్ "స్టార్ట్ మీ అప్". స్టార్ట్ బటన్ అప్పుడే కొత్త. పాట 1981ది. హెచ్‌పీ కెమెరాలు, ప్రింటర్లకి 2004లో కింక్స్ అనే బృందం పాట "పిక్చర్ బుక్", అది 1968 నాటిది.

సూటిమాట
అక్కడ మాట ఒక్కటే కలిసింది, భావం కలవలేదు. "స్టార్ట్ మీ అప్" కంప్యూటర్ గురించి కాదు.

చిత్రకారుడు_7
అయితే 2018లో ఆపిల్ హోమ్‌పాడ్‌ది చూడండి. అలసిపోయి ఇంటికొచ్చిన అమ్మాయి స్పీకర్‌ని పాట పెట్టమంటుంది. ఆమె నాట్యం చేస్తూ చెయ్యి చాపితే గోడ జరుగుతుంది, గది పెద్దదవుతుంది. పాట ఆండర్సన్ పాక్‌ది, నాట్యం చేసింది ఎఫ్‌కేఏ ట్విగ్స్ అనే గాయని, దర్శకుడు స్పైక్ జోన్జ్. ఇరుకు గదిలో మంచి పాట పెట్టుకుంటే ఎలా ఉంటుందో అదే చూపించారు. ఇక్కడ పాట వస్తువుకి అతికించింది కాదు, వస్తువు చేసే పనే అది.

సూటిమాట
దానికి ఒప్పుకుంటాను.

బట్టలబుట్ట
మీరంతా వాదించుకుంటుంటే నేను మాటలు తప్పుగా విన్న పాటలు లెక్కపెడుతున్నాను. టీవీలో వేరే భాష పాట వస్తే మా ఇంట్లో అందరం మాకు తోచిన తెలుగు మాటలు పెట్టి పాడేస్తాం.

పాతక్యాసెట్
దాని మీదే ఒక ప్రకటన ఉందమ్మా. బ్రిటన్‌లో మాక్సెల్ క్యాసెట్లది. జమైకా గాయకుడు డెస్మండ్ డెక్కర్ "ఇజ్రాయెలైట్స్" పాట వినిపిస్తుంటే ఒకాయన అట్టల మీద మాటలు రాసి చూపిస్తుంటాడు, అన్నీ తప్పులే. పల్లవి దగ్గర "నా చెవులు అంటుకున్నాయి" అని ఉంటుంది! మా క్యాసెట్ మీదైతే మాటలు స్పష్టంగా వినపడేవి అని దాని అర్థం.

చెవులపిల్లి
"నా చెవులు అంటుకున్నాయి" అని రాత్రిపూట ప్రకటనలు చూసి నేను రోజూ అంటూనే ఉన్నాను. ఆటో వాల్యూమ్ పనిచేసిందండోయ్! పిల్ల లేవలేదు.

కొత్తగా_చేరాను
ఇప్పుడు వస్తున్న ప్రకటనల్లో పాట దొరకాలంటే ఏం చెయ్యాలి? ఫోన్‌లో షజామ్ అనే, పాట విని పేరు చెప్పే యాప్ పెడితే సగంసార్లు దొరకట్లేదు.

ఎడిటింగ్_గది
షజామ్ మీ మాట వినదు, శబ్దంలో ఎత్తుగా ఉన్న బిందువుల నమూనా తీసుకుని తన దగ్గరున్న రికార్డింగులతో పోల్చుతుంది. అందుకే అచ్చంగా అదే రికార్డింగు ఉండాలి. ప్రకటన కోసం మళ్ళీ పాడించినదైతే దొరకదు. ప్రకటన కోసమే కట్టి ఎక్కడా విడుదల చెయ్యకపోయినా దొరకదు. వెనక వ్యాఖ్యానం గట్టిగా ఉన్నా కష్టమే. వ్యాఖ్యానం లేని చోట, వీలైతే నెట్‌లో ఉండే పొడవు ప్రకటనలో పట్టుకోండి. అయినా దొరక్కపోతే కంపెనీ వీడియో కింద అడగండి. కొంతమంది నిజంగానే జవాబిస్తారు.

కొత్తగా_చేరాను
అడిగాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది, పాట పేరు, బృందం పేరు రెండూ ఇచ్చారు! నా కింద పదకొండుమంది "మేమూ ఇదే వెతుకుతున్నాం" అని రాశారు.

నీలిబంతి
చూశారా, ఒక లైను తెర మీద వేసి ఉంటే పదకొండుమంది వెతుక్కునే పని ఉండేది కాదు. అక్కడ చోటు లేదన్న ఎడిటింగ్_గది గారి మాట అర్థమైంది. వీడియో కింద వివరణలో చోటుకి కొదవేముంది? అక్కడైనా రాయొచ్చుగా.

ఎడిటింగ్_గది
దీనికి నా దగ్గర జవాబు లేదమ్మా. రాయొచ్చు.

మువ్వలగొంతు
పాతక్యాసెట్ గారు నా టేపు బాగుచేసి డిజిటల్ చేసి పంపారు. ఇన్నేళ్ళకి విన్నాను. నా గొంతు అంత సన్నగా ఉండేదని మరిచిపోయాను. కంపెనీ పేరు దగ్గర నవ్వు అలాగే ఉంది. ఇక్కడ జత చేశాను, వినండి. కింద నా పేరు, తబలా వాయించిన ఆయన పేరు, కీబోర్డు ఆయన పేరు రాశాను. కోరస్‌లో నాతో పాటు ఇద్దరమ్మాయిలు పాడారు. ఒకరి పేరు రాశాను. రెండో ఆమె పేరు రెండు రోజులుగా ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. పచ్చ చీర కట్టుకుని వచ్చింది, ఒకసారి పాడటానికీ ఇంకోసారికీ మధ్య నాకు తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసిచ్చింది. అది మాత్రం గుర్తుంది.

నీలిబంతి
మూడుసార్లు విన్నాను. చివర్లో కంపెనీ పేరు దగ్గర మీ గొంతుకి పైన ఇంకో గొంతు సన్నగా వస్తుంది కదా, అది ఆవిడదేనా?

మువ్వలగొంతు
అవును. ఆవిడదే.